చైను మాత్రమే పంపుతున్నాను

వాచీల సర్వీసు విభాగంలోని పెద్దలకు,

ముప్పై ఎనిమిదేళ్లుగా కోట్లు, ప్యాంట్లు కుడుతూ, ఒక్క గుండీ ఊడిందన్న మాట కూడా పడని టైలర్ నమస్కరించి రాయునది.

పోయిన ఏడాది నా బావమరిది నాకొక ఖరీదైన వాచీ బహూకరించాడు. మీ కంపెనీదే. దాని స్టీలు చైను నాకు వదులు. పై అరలోంచి గుడ్డ తాను తీయడానికి చెయ్యెత్తితే మోచేతి దాకా పాకుతుంది. చెయ్యి దించితే వేళ్ల కణుపుల మీదికి వచ్చి పడుతుంది. ఒకసారి ఇస్త్రీకి పెట్టుకున్న నీళ్ల గిన్నెలో కూడా పడింది. మా ఆవిడ మాత్రం, "మా తమ్ముడిచ్చింది పెట్టుకోవడానికి మీకు నామోషీ" అంటోంది. నామోషీ కాదు, వదులు. ఈ రెండింటికీ తేడా మా ఇంట్లో చెల్లదు.

వచ్చే నెల పదో తారీఖున బావమరిది మా ఇంటికి వస్తున్నాడు. ఈలోగా అది నా చేతికి నిలవాలి. అందుకని చైను ఊడదీసి, చైను మాత్రమే పంపుతున్నాను. మణికట్టు కొలత ఎనిమిది అంగుళాలు. దానికి తగ్గట్టు లింకులు తీసి పంపండి. కొలత నాది కాబట్టి మళ్లీ సరిచూసే శ్రమ మీకక్కర్లేదు.

ఇట్లు,
కత్తెర పక్కన పెట్టి మరీ రాసిన
టైలర్

తా.క. వాచీ ఎందుకు పంపలేదని అడగవద్దు.

ఇంకో తా.క. అడిగినా చెప్పను.

*

గౌరవనీయులైన టైలర్ గారికి,

నమస్కారాలు. మీ చైను క్షేమంగా అందింది.

మీరు "పెద్దలకు" అని రాశారు. కవరు విప్పింది నేను. నాకు ఇరవై రెండేళ్లు. ఇక్కడ ఆరు నెలల పరీక్ష మీద పనిచేస్తున్న అమ్మాయిని. మా హెడ్డు గారు ఆవగింజంత స్క్రూని కళ్లు మూసుకుని బిగిస్తారు కానీ కలం పట్టుకుంటే ఆయనకి చెమటలు పడతాయి. అందుకని ఉత్తరాలు కూడా నాకే అప్పగించారు. మా ఇంట్లో ఉత్తరం రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే. కాబట్టి ఈ పని నాకు ఇష్టమే.

మీ చైను లింకులకి లోపలి వైపు సన్నటి బాణం గుర్తులున్నాయి. పిన్నుని బాణం చూపించిన వైపే తోసి తీయాలి, పెట్టేటప్పుడు ఎదురు వైపు నుంచి పెట్టాలి. ఈ మాట ఎందుకంటే, కొందరు ఇంట్లో సుత్తి పట్టుకుని ప్రయత్నిస్తారు. మీరు రాసిన ఎనిమిది అంగుళాలకి, చేతికి గాలి ఆడేలా ఒక పావంగుళం వదులు కలిపాను. ఆ లెక్కన ఒక్క లింకే తీయాల్సి వచ్చింది. తీసిన లింకు కాగితం పొట్లంలో ఉంది. దయచేసి పారేయకండి.

విధేయురాలు,
సర్వీసు బల్ల దగ్గరి అమ్మాయి

తా.క. ఎనిమిది అంగుళాల మణికట్టు అనగానే మా హెడ్డు గారు, "టైలరా, పహిల్వానా?" అన్నారు.

ఇంకో తా.క. పరీక్ష కాలంలో నేను చేసిన వస్తువు ఏదైనా మూడుసార్లు తిరిగొస్తే నాకు బల్ల దగ్గర కుర్చీ ఉండదు. ప్యాకింగు గదికి పంపేస్తారు. ఇంతవరకూ ఏదీ ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఊరికే చెబుతున్నాను.

*

అమ్మాయికి,

మీ హెడ్డు గారికి చెప్పు, నేను పహిల్వాన్ని కాదు. నా బరువు యాభై రెండు కిలోలు. గట్టిగా గాలి వీస్తే మా షాపులో ముందు ఎగిరేది కాగితం నమూనాలు, తర్వాత నేను.

నువ్వు పంపిన చైను వాచీకి తగిలించి చెయ్యెత్తాను. మోచేతికి వెళ్లింది. దించాను. కణుపుల మీదికి వచ్చింది. మా ఆవిడ "ఏదీ, ఇంకోసారి ఎత్తండి" అంటూ పది సార్లు ఎత్తించింది. బయట నిలబడ్డ గిరాకీ, లోపల వ్యాయామం జరుగుతోందనుకుని వెళ్లిపోయాడు.

నీ ఉత్తరం మళ్లీ చదివితే తప్పు దొరికింది. పావంగుళం వదులు కలిపానన్నావు. నిన్నెవరు కలపమన్నారు? వదులు నేను ముందే కలిపి చెప్పాను కదా! టైలర్ నోటి వెంట ఒట్టి ఒంటి కొలత రాదమ్మాయీ. చొక్కా మణికట్టుకి ఒకటిన్నర అంగుళం వదులు కలుపుకునే చెబుతాం. నా పెళ్లికి వధువు ఎత్తు అడిగితే కూడా మడతకి రెండంగుళాలు కలిపి చెప్పాను, ఆ దెప్పుడు ఇప్పటికీ పడుతున్నాను.

ఒట్టి కొలత రాస్తున్నాను, రాసుకో. ఆరున్నర అంగుళాలు. చైను తిరిగి పంపుతున్నాను. పదో తారీఖు గుర్తుపెట్టుకో.

ఇట్లు,
వదులు సంగతి తెలిసిన
టైలర్

తా.క. నీ కుర్చీ సంగతి చదివాను. ఇది మొదటిసారే కదా. ఇంకా రెండున్నాయి.

*

గౌరవనీయులైన టైలర్ గారికి,

తప్పు నాదే. కొలత ఎలా తీశారో అడగాల్సింది. మా బడిలో లెక్కల టీచరమ్మ "ఇచ్చిన సంఖ్యని నమ్మి లెక్క మొదలుపెట్టండి" అనేవారు. ఆవిడ ఎప్పుడూ టైలర్ దగ్గర కొలతలు తీసుకుని ఉండరు.

ఈసారి ఆరున్నరకి పావంగుళం కలిపి, ఇంకో ఐదు లింకులు తీశాను. అన్నీ ఒకవైపే తీస్తే చైను లాకు మణికట్టు అడుగున మధ్యలో ఉండకుండా పక్కకి జరిగిపోతుంది. రాసేటప్పుడు బల్లకి గుచ్చుకుంటుంది. అందుకని రెండు వైపులా పంచి తీశాను. పూర్తయ్యాక చైనుని ఇరవై సార్లు వేసి తీసి చూశాను. పట్టులా జారుతోంది. మీ పదో తారీఖుకి ఢోకా లేదు.

విధేయురాలు,
బల్ల దగ్గరి అమ్మాయి

తా.క. నేను అబద్ధం ఆడలేను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మా హెడ్డు గారు, "వాచీ లేకుండా చైను పంపేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం దొంగలు" అన్నారు. రెండో రకం ఎవరండీ అని అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానన్నారు.

*

అమ్మాయీ,

మొదట పంపింది కంకణం. ఇప్పుడు పంపింది సంకెల!

లాకు పడలేదు. నా కొలత మీద నాకున్న నమ్మకంతో ఊపిరి బిగబట్టి నొక్కాను. పడింది. తర్వాత ఊడలేదు. చెయ్యి వంకాయ రంగుకి వచ్చింది. మా ఆవిడ సబ్బు నురగ రాసింది. పక్క షాపు మంగలి వచ్చి షేవింగు క్రీము రాశాడు. ఎదురు షాపు తాళాల మేస్త్రీ వచ్చి, "ఏం నేరం చేశావన్నా?" అని అడిగి మరీ ఊడదీశాడు. వీధి వీధంతా చూసింది. దానికి తోడు మీ హెడ్డు గారు నన్ను దొంగ అంటారా? ముప్పై ఎనిమిదేళ్లలో ఒక గిరాకీ గుడ్డలోంచి జేబు రుమాలంత ముక్క కూడా మిగుల్చుకోని వాణ్ణి!

మళ్లీ నాలుగుసార్లు కొలిచాను. ఎడం లేకుండా, వదులు లేకుండా, ఆరున్నర. నా ఒంటి మీద ఇంకొకరి చేత టేపు పెట్టించుకోను కాబట్టి, నేనే ఒక చేత్తో చుట్టి, అంచు పంటితో పట్టుకుని మరీ చూశాను. టేపు అబద్ధం చెప్పదు. నీ చైనే చెబుతోంది.

ఇది రెండోసారి తిరిగి రావడం. ఈసారి కూడా కుదరకపోతే ఉత్తరం నీకు కాదు, మీ హెడ్డు గారికే రాస్తాను.

ఇట్లు,
ఎడాపెడా నవ్వులపాలైన
టైలర్

తా.క. మంగలి షేవింగు క్రీముతో పాటు సలహా కూడా ఇచ్చాడు. "చెయ్యి చిక్కేదాకా ఆగు బాబాయ్" అన్నాడు. వాడి దగ్గర క్షవరం మానేశాను.

*

గౌరవనీయులైన టైలర్ గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. క్షమించండి. నా చైను కొలిచాను, సరిగ్గా ఉంది. మీ కొలత ఆరున్నర, అదీ సరిగ్గానే ఉండాలి. రెండూ నిజమే అయితే మీ చెయ్యి వంకాయ రంగుకి ఎలా వచ్చింది?

మా అమ్మకి చదువు రాదు. ప్రతి ఆదివారం పక్కింటావిడ ఫోనులోంచి ఒకే ప్రశ్న అడుగుతుంది. "కుర్చీ ఇచ్చారా?" మా ఇంట్లో అందరూ నిలబడో, వంగో చేసే పనులే చేశారు. కూర్చుని చేసే పని వస్తే నాకే మొదలు. మొన్న ఆదివారం "ఇంకా లేదమ్మా" అన్నాను. ఆ తర్వాత గదిలో ఉండబుద్ధి కాక కిందికి దిగాను.

మా గది కింద ఒక కుట్టు షాపుంది. నడిపేది ఒకావిడ. గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ చేతుల వంకే చూశాను. "ఏం కావాలమ్మా?" అంది. ఏమీ వద్దన్నాను. పది నిమిషాల తర్వాత మళ్లీ అడిగింది. మూడోసారి, "చూడ్డానికి డబ్బులేం తీసుకోను గానీ, వెలుతురుకి అడ్డం నిలబడకు తల్లీ" అంది. అప్పుడు పక్కకి జరిగాను. జరిగాక కనిపించింది.

ఆవిడ ఎడమ మణికట్టు మీద గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు కట్టి ఉంది.

పరుగెత్తుకుంటూ పైకొచ్చి, మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. టైలర్ గారూ, మీకూ ఎడమ చేతికి సూదుల దిండు ఉంటుంది కదూ? అందుకని వాచీ కుడి చేతికి పెట్టుకుంటారు. కానీ టేపు చుట్టడానికి వాటమైంది కుడి చెయ్యే. కుడి చెయ్యి కొలవగలిగింది ఎడమ చేతినే! మీరు నాలుగుసార్లు కొలిచినా, నలభై సార్లు కొలిచినా, వాచీ పెట్టుకోని చెయ్యే కొలిచారు. ముప్పై ఎనిమిదేళ్లు కత్తెర నొక్కి, ఇస్త్రీపెట్టె ఎత్తిన చెయ్యి, ఊరికే గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒక్కలా ఎందుకుంటాయి?

దయచేసి ఇంకెవరిచేతైనా మీ కుడి మణికట్టు చుట్టూ కాగితం పట్టీ చుట్టించి, అంచు కలిసిన చోట గీత గీయించండి. పొద్దున ఒకటి, ఇస్త్రీ అయ్యాక ఒకటి, సాయంత్రం ఒకటి. వేడికీ పనికీ చెయ్యి కాస్త ఉబ్బుతుంది. మూడూ పంపండి. అంకెలు వద్దు. కాగితాలే కావాలి.

విధేయురాలు,
ఇంకా నిలబడే ఉన్న అమ్మాయి

తా.క. మా హెడ్డు గారికి ఇది చెప్పాను. ఆయన తన రెండు మణికట్లూ కొలుచుకుని, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మళ్లీ మళ్లీ కొలుచుకుంటూనే ఉన్నారు.

*

అమ్మాయికి,

మూడు కాగితాలు పంపుతున్నాను.

ఇంతకంటే రాయకూడదనుకున్నాను. కానీ మా ఆవిడ పక్కనే నిలబడి "జరిగింది రాయండి" అంటోంది.

జరిగింది ఇది. దిండు ఉంది. ఎడమ చేతికే ఉంది. నీ ఉత్తరం చదివేటప్పుడు కూడా ఉంది. దాని వంక చూశాను, వాచీ వంక చూశాను, మా ఆవిడ వంక చూడలేదు. కాగితం చుట్టమని ఆవిడనే అడగాల్సి వచ్చింది. "కొలతలు మీ సొంతం కదా, నాకేం తెలుసు?" అంది. మూడుసార్లు బతిమాలించుకుంది. చుట్టేటప్పుడు నోట్లో గుండుసూది పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, అచ్చం నాలాగే, "కదలకండి సార్, ఊపిరి మామూలుగా తీసుకోండి" అంది. షాపులో నలుగురు గిరాకీలున్నారు.

నా ఎడమ చెయ్యి ఆరున్నర. కుడి చెయ్యి పొద్దున ఏడుంబావుకి ఒక గీత తక్కువ, ఇస్త్రీ అయ్యాక నిండా ఏడుంబావు. అంకెలు వద్దన్నావు కానీ నా వల్ల కాలేదు.

ఊరందరి చేతులూ విడివిడిగా కొలిచి, నా చేతులు మాత్రం కవలలనుకున్నాను.

ఇట్లు,
కొలవబడిన
టైలర్

తా.క. వాచీ మాత్రం పంపను.

*

గౌరవనీయులైన టైలర్ గారికి,

కాగితాలు మూడూ బల్ల మీద పరిచి చైను సరిచేశాను. రెండు లింకులు తిరిగి కలిపాను, ఒక్కో వైపుకి ఒకటి.

ఇప్పుడు మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. లాకు పక్కన వరసగా సూది మొనంత చిల్లులున్నాయి. వాటిలో ఒకదాంట్లో స్ప్రింగు పిన్ను కూర్చుని ఉంటుంది. సూదితో దాన్ని లోపలికి నొక్కి, పక్క చిల్లుకి జరిపితే, లింకు తీయకుండానే చైను పిసరంత వదులో బిగువో అవుతుంది. ఎండాకాలం ఒక చిల్లు బయటికి, చలికాలం ఒకటి లోపలికి. ఈ పనికి మా దగ్గర ప్రత్యేకమైన పనిముట్టుంది. మీ దగ్గర అంతకంటే మంచివి దిండు నిండా ఉన్నాయి.

చిటికెనవేలు చైను కింద దూరాలి, బొటనవేలు దూరకూడదు. అలా ఉంటే సరిపోయినట్టు.

మీ జవాబు మా హెడ్డు గారు స్వయంగా విప్పుతానన్నారు. కాబట్టి కుదరకపోతే కుదరలేదనే రాయండి. మొహమాటం వద్దు.

విధేయురాలు,
అమ్మాయి

తా.క. మొహమాటం వద్దని రాసి, నాలుగుసార్లు కొట్టేసి, మళ్లీ రాశాను.

*

సర్వీసు విభాగం హెడ్డు గారికి,

సరిపోయింది.

చెయ్యెత్తితే కదల్లేదు. దించితే జారలేదు. చిటికెనవేలు దూరింది, బొటనవేలు ఆగింది. నా ఒంటి మీద ఇంత బాగా అమరిన వస్తువు నేను కుట్టింది కూడా లేదు. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, కాబట్టి నిజమని నమ్మండి. ఆ పిల్లకి కుర్చీ వెయ్యండి. లేకపోతే మా షాపు నుంచి పంపుతాను.

ఇట్లు,
టైలర్

తా.క. దొంగను కాను.

*

గౌరవనీయులైన టైలర్ గారికి,

కుర్చీ ఇచ్చారు!

హెడ్డు గారు మీ ఉత్తరం అందరి ముందూ పైకి చదివారు. "లేకపోతే మా షాపు నుంచి పంపుతాను" అన్న దగ్గర ఆగి, రెండోసారి చదివారు. తర్వాత లోపలికెళ్లి, గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి తనే తోసుకుంటూ వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర పెట్టారు. ఎత్తు నాకు సరిపోయేలా తనే సరిచేశారు. మూడుసార్లు కూర్చోబెట్టి లేపారు. ఇకమీదట చైను పని ఏదొచ్చినా, "ఏ చేతికి పెట్టుకుంటారు?" అన్న ప్రశ్న ముందు అడగాలని గోడ మీద రాయించి పెట్టారు. అది నా దస్తూరీయే.

ఆదివారం దాకా ఆగలేక పక్కింటావిడకి ఫోను చేసి అమ్మని పిలిపించాను. "ఇచ్చారమ్మా" అన్నాను. "చేతులుంటాయా దానికి?" అంది. ఉంటాయన్నాను. అప్పుడు ఏడ్చింది.

మీ మేలు మరిచిపోను.

ఎప్పటికీ విధేయురాలు,
కూర్చుని రాస్తున్న అమ్మాయి

తా.క. మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పడం నా ధర్మం. మీ చైను లాకు మీది నంబరు చూస్తే, వాచీ ఆటోమేటిక్ రకం. దానికి బ్యాటరీ ఉండదు. చెయ్యి కదులుతుంటే దానంతటదే కీ ఎక్కుతుంది. తీసి పెట్టెలో పెడితే రెండు రోజుల్లో ఆగిపోతుంది. అలా ఆగితే చెడిపోయిందని కంగారు పడకండి, పెట్టుకుని పనిచేసుకుంటే మళ్లీ నడుస్తుంది.

*

కిటికీ పక్క కుర్చీలోని అమ్మాయికి ఆశీస్సులు.

నీ తాజా కలం చదివి నేను నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి నా చేతి వంక చూసుకున్నాను. సెకన్ల ముల్లు తిరుగుతోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. పరుగెత్తుకెళ్లి మా ఆవిడ చెవి దగ్గర పెట్టాను. "వాచీ అన్నాక నడవదా? పక్కకి తప్పుకోండి, పొయ్యి మీద పాలున్నాయి" అంది. నా ఏడాది బాధ ఆవిడకేం తెలుసు?

ఇక దాచను. బావమరిది వాచీ ఇచ్చిన రోజున అపురూపంగా చూసుకుని బీరువాలో పెట్టాను. నాలుగో రోజు తీసి చూస్తే ఆగిపోయి ఉంది. నకిలీది అంటగట్టాడనుకున్నాను! మీకు పంపితే నకిలీ అని మీరు తేలుస్తారు, అది మా ఆవిడకి తెలిస్తే తమ్ముడి మీద నింద వేశానంటుంది. కాబట్టి ఇంట్లో శాంతి కోసం చచ్చిన వాచీనే కట్టుకుందామనుకున్నాను. అందుకే చైను మాత్రమే పంపాను. ఎన్నిసార్లు చేతికి పెట్టినా దాని ముఖం చూడబుద్ధి కాలేదు. టైముకి గోడ గడియారం ఉందిగా.

అక్కడితో ఆగినా బాగుండేది. వాడి ప్యాంట్లన్నీ కుట్టేది నేనే. ఈ ఏడాదిలో తొమ్మిది కుట్టాను. ప్రతిదానికీ, ముందుదాని కంటే నడుము పావంగుళం తగ్గించాను. నకిలీ వాచీకి నకిలీ నడుము. "నా కొలత మారలేదు కదా బావా?" అని ఉత్తరం రాస్తే, "కొలత మారలేదు, నువ్వే మారావు" అని జవాబిచ్చాను.

నిన్న పదో తారీఖు. వాడు వచ్చాడు. గుమ్మంలో ఎవరో సన్నటి కుర్రాడు నిలబడితే "ఏం కుట్టాలి బాబూ?" అని అడిగాను. వాడే! లావెక్కిపోతున్నానని బెంగపెట్టుకుని, తెల్లారకముందే లేచి పరుగెడుతున్నాడట. తీపి మానేశాడట. నేను చేతులు జోడించి నిజం చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు వాడే నన్ను కావలించుకుని, "బావా! బజారు ప్యాంట్లు వేసుకుంటే వదులుగా ఉన్నాయి, అన్నీ నన్ను మభ్యపెట్టాయి. నీ కుట్టు ఒక్కటే నాకు నిజం చెప్పింది. డాక్టరు నా గుండె చూసి, ఎవరయ్యా నీకు బుద్ధి చెప్పిన మహానుభావుడని అడిగాడు. నీ పేరే చెప్పాను" అని వీధంతా వినబడేలా అరిచాడు. మంగలి చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ, పెళ్లయిన తర్వాత మొదటిసారి, నా వంక గొప్పగా చూసింది. అమ్మాయీ, ఆ చూపు ముందు నోట్లో మాట నోట్లోనే మింగేశాను.

ఇంతకీ అసలు సంగతి. వాడి చేతి వాచీ కూడా మీ కంపెనీదే. మనిషి చిక్కాక అది వాడి మోచేతి దాకా పాకుతోంది. గురువారం స్వయంగా వస్తాడు. "ఎవరి దగ్గరికి వెళ్లాలి?" అని అడిగితే, "కిటికీ పక్క కుర్చీలో ఒకమ్మాయి ఉంటుంది, ఆవిడకి తప్ప ఇంకెవరి చేతికీ చైను ఇవ్వకు" అన్నాను. వాడి ఆఫీసులో ఇంకో పదకొండు మందికి అలాంటి వాచీలే ఉన్నాయట. వాళ్లందరికీ కూడా అదే చెబుతానన్నాడు.

ఇట్లు,
రెండు చేతులూ వేరువేరని తెలుసుకున్న
టైలర్

తా.క. వాడు నా ప్యాంట్లను పొగడడం మొదలుపెడితే అరగంటకి గానీ ఆపడు. నీకు పుణ్యముంటుంది, నవ్వకు.